రివ్యూ మీటింగుల్లో మైకు పట్టుకునే అధికారులకు ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్ బహిరంగ లేఖ

వైద్య ఆరోగ్య శాఖలో జిల్లా ఆఫీసుల్లోనూ, పైన రాష్ట్ర స్థాయిలోనూ కూర్చుని కింది స్టాఫ్ పనితీరు మీద రివ్యూలు పెట్టే అధికారులందరికీ నమస్కారం.

ఈ మధ్య మీ జూమ్ మీటింగుల్లో ఒక మాట తెగ వినబడుతోందని నా దగ్గర పనిచేసిన పిల్లలు చెప్తున్నారు. "స్టాఫ్‌కి మోటివేషన్ లేదు, అందుకే ఇండికేటర్లన్నీ రెడ్‌లో ఉన్నాయి" అంటున్నారట. దానికి మందుగా ఒకచోట ఊరి సబ్‌సెంటర్ నర్సులైన ఏఎన్ఎంలనీ, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలనీ మండలానికి పిలిపించి, వ్యక్తిత్వ వికాసం చెప్పే ఒకాయన చేత గంటల తరబడి క్లాసు పీకించారు. చప్పట్లు కొట్టించారు, చేతులు పైకెత్తి నేను సాధించగలను అనిపించారు. అయిపోయాక ఆటోలకి సొంత డబ్బులు పెట్టుకుని ఇళ్లకి చేరి, ఆ పూట ఆగిపోయిన డేటా ఎంట్రీని పిల్లలు పడుకున్నాక పూర్తి చేసుకున్నారు.

నేను ఏఎన్ఎంగా చేరి, సర్వీసులో సగం సబ్‌సెంటర్‌లోనే గడిపి, సూపర్‌వైజర్‌గా రిటైరైనదాన్ని. పెన్షన్ పడుతోంది, నాకిప్పుడు మెమో ఇచ్చేవాళ్లెవరూ లేరు. కాబట్టి ఉద్యోగంలో ఉన్నవాళ్లు మీ ముందు నోరు తెరిచి అనలేనివి కొన్ని నేనంటాను. కోపం తెచ్చుకోకుండా చదవండి. తెచ్చుకున్నా ఫర్వాలేదు, చివరిదాకా చదవండి చాలు.

పని చేయాలన్న మనసు కింద తక్కువేమీ లేదండీ. అది ఉందన్న ధీమాతోనే మీరు ఈ శాఖని ఇన్నాళ్లూ ఇంత తక్కువ ఖర్చులో నడిపారు. కానీ మీరు అడిగే ప్రశ్నలు, కొలిచే కొలతలు, ఇచ్చే మెమోలు కలిసి ఆ మనసుని రోజుకింత అరగదీస్తున్నాయి, అరిగిపోయాక ఊళ్లో పని ఎలా మారిపోతుందో మీ డ్యాష్‌బోర్డులో కనబడదు. అదీ నా బాధ.

కనబడదని ఎందుకంటున్నానంటే, మన పనిలో ఒక తిరకాసు ఉంది. బాగా చేసిన పనికీ మొక్కుబడిగా చేసిన పనికీ కాగితం మీద తేడా ఉండదు. ఏడో నెల గర్భిణి ఇంటికి ఆశా వెళ్లిందనుకోండి. గుమ్మంలో నిలబడి "ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా అమ్మాయ్?" అంటే ఆ పిల్ల "ఆఁ" అంటుంది, ఈమె టిక్కు పెట్టుకుని పక్కింటికి పోతుంది. అదే మనసుపెట్టి చేసే ఆశా అయితే లోపలికెళ్లి కూర్చుని, మంచినీళ్లడిగి తాగి, అత్తగారిని "పిన్నీ" అని పలకరించి రెండు మాటలు కలిపి, మెల్లగా మాత్రలు ఏవీ చూపించమంటుంది. పోయిన నెల ఇచ్చిన మాత్రలు అలాగే ఉంటాయి. విరేచనం నల్లగా అవుతోందని భయపడి మానేసిందని అప్పుడు బయటపడుతుంది. పాదాల మీద వేలుతో నొక్కి వాపు చూస్తుంది, తలనొప్పి వస్తోందా, కళ్లు మసకలు కమ్ముతున్నాయా అని అడుగుతుంది. అనుమానం వస్తే ఆ సాయంత్రమే నర్సమ్మని వెంటబెట్టుకుని వచ్చి బీపీ చూపిస్తుంది. మొదటామెకి పట్టేది ఒక నిమిషం, రెండో ఆమెకి ముప్పావుగంట, ఒక్కోసారి పూట మొత్తం. యాప్‌లో ఇద్దరికీ పడేది ఒకటే ఎంట్రీ. రెండో ఆమె అన్ని ఇళ్లు తిరగలేదు కాబట్టి రివ్యూలో తిట్లు తినేది కూడా రెండో ఆమే.

బీపీ సంగతే చూడండి. సబ్‌సెంటర్ రిజిస్టర్లు తిరగేసిన వాళ్లెవరికైనా తెలుసు, పేజీ నిండా వరసగా 110/70, 120/80, 110/70, 120/80 అని ఉంటే ఆ రోజు బీపీ మిషన్ బ్యాగులోంచి బయటికే రాలేదని. హిమోగ్లోబిన్ కాలమ్‌లో అందరికీ 10, 10.2, 10.5. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత, తెలంగాణలో 57.6 శాతం మందికి. ఇంతమందిలో రక్తం బాగా తగ్గినవాళ్లు కొందరైనా ఉండాలి కదా, మరి రిజిస్టర్లో అందరికీ ఈ 10, 10.5 లే ఎందుకుంటాయి? ఆ అమ్మాయికి బద్ధకమనుకుంటారు మీరు. కొంత ఉండొచ్చు, కానీ అసలు కారణం వేరే. 7 కంటే తక్కువ అని ఉన్నదున్నట్టు రాసిందనుకోండి, ఆ పేరు హైరిస్క్ లిస్టులోకి ఎక్కుతుంది. రోజూ పైనుంచి ఫోన్: పంపావా, రక్తం ఎక్కించారా, ఫొటో పెట్టావా? బండి చూడాలి, ఇంట్లోవాళ్లని ఒప్పించాలి, ఆసుపత్రిలో ఆ గ్రూపు రక్తం లేకపోతే దానికీ ఈమే జవాబు చెప్పుకోవాలి. కుదరకపోతే మెమో. 10 అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. నిజం రాసినామెకి శిక్ష, అబద్ధం రాసినామెకి మనశ్శాంతి. ఇలా కొన్నేళ్లు నడిచాక స్టాఫ్‌లో చలనం లేదని మీరు క్లాసులు పెట్టిస్తున్నారు.

టీబీ కఫం డబ్బాలూ అంతే. ఊరికి ఇన్ని శాంపిళ్లని టార్గెట్ వేస్తే అన్ని శాంపిళ్లూ వచ్చేస్తాయి. అందులో కఫమెంతో ఉమ్మెంతో మూత తీయగానే ల్యాబ్ టెక్నీషియన్‌కి తెలిసిపోతుంది. అసలు దగ్గుతున్న మనిషి వేరే ఉంటాడు. ఊళ్లో తెలిస్తే కూతురి సంబంధం చెడిపోతుందని దాచుకుని ఆర్‌ఎంపీ దగ్గర టానిక్ తాగుతుంటాడు. అతన్ని ఒప్పించడానికి ఆశా చీకటి పడ్డాక, ఎవరూ చూడకుండా, ఎన్ని సాయంత్రాలు వెళ్లాలో. అంతా చేస్తే లెక్కలో ఒక్క శాంపిల్.

హాజరు గురించి కూడా మాట్లాడుకుందాం, అధికారుల దృష్టి ముందు పడేది దాని మీదే కాబట్టి. ఇప్పుడు ముఖం చూపిస్తే అటెండెన్స్ పడే యాప్‌లు వచ్చాయి. వద్దనను, రాకుండా జీతం తీసుకునేవాళ్లని నేనూ చూశాను. కానీ రాజస్థాన్ ఉదయపూర్ జిల్లాలో ఏం జరిగిందో మీలో ఎంతమందికి తెలుసో. 2006 ప్రాంతంలో అక్కడి జిల్లా ఆరోగ్య యంత్రాంగం, సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ఏఎన్ఎంల హాజరుకి టైము ముద్ర వేసే మిషన్లు పెట్టాయి. సరిగా రాకపోతే జీతం కోత. తర్వాత 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో దాన్ని వెంట ఉండి పరిశీలించారు. మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. ఆ తర్వాత కాగితాలు పెరిగాయి: ఈ రోజు మీటింగు, ఈ రోజు సర్వే, ఈ రోజుకి మినహాయింపు అని పైఅధికారులే సంతకాలు పెట్టుకుంటూ పోయారు. పదహారు నెలలు తిరిగేసరికి మిషన్ ఉన్న సబ్‌సెంటర్‌కీ లేని సబ్‌సెంటర్‌కీ తేడా లేకుండా పోయింది. మనిషిని గుమ్మందాకా మిషన్‌తో లాక్కురావచ్చు, అదీ పైవాళ్లు గట్టిగా నిలబడితేనే. లోపలికొచ్చాక ఆ మనిషి బీపీ మిషన్ బయటికి తీస్తుందా లేదా అన్నది ఏ కెమెరా చూడదు.

యాప్‌ల గురించి రాయడం మొదలెడితే ఈ లేఖ తెల్లారదు. తల్లీబిడ్డల వివరాలకి అన్మోల్, బీపీ షుగర్లకి ఎన్‌సీడీ, టీకాలకి యూవిన్, టీబీకి నిక్షయ్, జబ్బుల రిపోర్టుకి ఐహెచ్‌ఐపీ, వీటికి తోడు రాష్ట్రం సొంతవి. ఒకే గర్భిణి పేరు ఎన్నిచోట్ల కొట్టాలో లెక్కేసుకోండి. బుధవారం, శనివారం టీకాల రోజున తల్లి ఒళ్లో బిడ్డ ఏడుస్తుంటే ఏఎన్ఎం కళ్లు ఫోన్ మీద ఉంటాయి, సర్వర్ తిరుగుతూ ఉంటుంది. "జ్వరం వస్తే ఏం చేయాలి నర్సమ్మా?" అని ఆ తల్లి అడిగిన మాట గాల్లో కలిసిపోతుంది. ఆ రాత్రి బిడ్డకి ఒళ్లు కాలితే ఆమె వచ్చే నెల టీకాకి రాదు. అప్పుడు డ్రాపౌట్ ఎందుకొచ్చిందని మళ్లీ రివ్యూ.

ఇక డబ్బు. డబ్బు ముఖ్యం కాదు, సేవాభావం ముఖ్యం అని మైకుల్లో చెప్పేవాళ్లందరికీ ఒకటో తారీకున జీతం పడుతుందని నేను గమనించాను. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశాలు వచ్చినప్పుడు వాళ్లని వలంటీర్లన్నారు. జీతం ఉండదు, చేసిన పనికి ఇంత అని పారితోషికం. ఉదాహరణకి ఆసుపత్రిలో కాన్పై ఇంటికొచ్చిన బాలింతనీ బిడ్డనీ మూడో రోజు నుంచి నలభై రెండో రోజు వరకు ఆరుసార్లు ఇంటికెళ్లి చూసినందుకు కేంద్రం పెట్టిన రేటు 250 రూపాయలు. అంటే ఒకసారి వెళ్లినందుకు 40 రూపాయల చిల్లర. ఆంధ్రాలో 2019లో ఆశాల మొత్తం పారితోషికాన్ని నెలకి 10,000 చేశారు. 2025 మార్చిలో గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకి 180 రోజుల జీతంతో కూడిన ప్రసూతి సెలవు, 62 ఏళ్ల దాకా పని అని ప్రకటించారు. మంచి పనిని మంచి పని అనాలి, అంటున్నాను. 180 రోజుల సెలవన్నది ఎంత పెద్ద విషయమో నిండు గర్భంతో వేరేవాళ్లని కాన్పుకి తీసుకెళ్లిన ఆశాలని అడగండి.

కానీ రేటు కట్టి పని చేయించిన ఆ పద్ధతి ఒక అలవాటు నేర్పింది. రేటున్న పని జరుగుతుంది, రేటు లేనిది వెనక్కి పోతుంది. మంచంలో ఉన్న ముసలాయన వీపు పుండ్లు చూడడానికి రేటు లేదు. మొగుడు కొట్టాడని రాత్రి తలుపు తట్టిన అమ్మాయిని కూర్చోబెట్టి మాట్లాడడానికి రేటు లేదు. అయినా చాలామంది చేసేవాళ్లు, ఎందుకంటే అది వాళ్ల సొంత ఊరు, రేపు రేషన్ షాపు దగ్గర ఆ మొహాలే చూడాలి. క్రమంగా "దీనికేమొస్తుంది మేడం?" అనడం మొదలైంది. ఆశాలకి ఆశ ఎక్కువైందని జోకులేసే అధికారులు ఉన్నారు. ఆ లెక్క నేర్పిందెవరు సార్?

ఎంత పడుతుందన్నది ఎంత ముఖ్యమో ఎప్పుడు పడుతుందన్నదీ అంతే ముఖ్యం. డ్వాక్రా వాయిదా తారీకు ఆగదు. నెల మధ్యకొచ్చినా డబ్బు పడని రోజుల్లో ఆశా డే మీటింగుల్లో మొహాలు చూసేవాళ్లం, ఏ పని చెప్పినా "సరే మేడం" అంటారు, ఆ సరేలో ప్రాణం ఉండదు. కేరళలాంటి రాష్ట్రంలో కూడా ఆశాలు 2025 ఫిబ్రవరి 10 నుంచి సెక్రటేరియట్ ముందు నెలల తరబడి కూర్చున్నారు, కొందరు జుట్టు కత్తిరించుకుని నిరసన చెప్పారు. తెలంగాణలో సెకండ్ ఏఎన్ఎంలు 2023 ఆగస్టులో సమ్మెకి దిగింది పర్మినెంట్ చేయమని. ఏళ్ల తరబడి కాంట్రాక్టులో ఉంచి, రెగ్యులర్ ఆమె చేసే పనే చేయిస్తూ, పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి రెండు రకాల జీతాలిస్తే ఏ క్లాసు పీకితే ఉత్సాహం వస్తుంది?

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలకి గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. మంచి గౌరవమే. వాట్సాప్ స్టేటస్‌లు మారుమోగిపోయాయి. ఒక ఆశా మాత్రం నాకు ఫోన్ చేసి, "మేడం, ఇందులో మనకేమన్నా పడుద్దా?" అంది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

డబ్బు తర్వాత నాకు పెద్దగా కనిపించేది ఎదుగుదల. ఆశాగా చేరిన మనిషి ఆశాగానే దిగిపోతుంది. ఆఫ్రికాలో జాంబియా అనే దేశం ఉంది. 2010లో అక్కడి ప్రభుత్వం కొత్తగా గ్రామ ఆరోగ్య కార్యకర్తలని తీసుకుంటూ, పరిశోధకులతో కలిసి ఒక పని చేసింది. కొన్ని జిల్లాల్లో "మీ ఊరికి సేవ చేయండి" అని పోస్టర్లు వేసింది, మిగతా జిల్లాల్లో "ఈ ఉద్యోగంతో పైకి ఎదగొచ్చు" అని వేసింది. ఎదుగుదల కోసం వచ్చేవాళ్లకి జనం మీద ప్రేమ ఉండదేమో అని భయపడ్డారట. తీరా చూస్తే వాళ్లే 29 శాతం ఎక్కువ ఇళ్లు తిరిగారు, ఆ ప్రాంతాల్లో ఆసుపత్రి కాన్పులూ పెరిగాయి. మన దగ్గర పదో తరగతి, ఇంటర్ చదివిన ఆశాలు బోలెడుమంది ఉన్నారు. కొందరు డిగ్రీలు కూడా చేశారు. పదేళ్లు ఊళ్లో పనిచేసిన ఆశాకి ఏఎన్ఎం కోర్సులో కొన్ని సీట్లు, చదువుకునే కాలంలో పారితోషికం ఆగకుండా ఇవ్వండి. ఏడాదిలో తేడా మీకే తెలుస్తుంది. మీ క్లాసుల్లో కొట్టించే చప్పట్లకన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.

భయం సంగతి కూడా చెప్పాలి. తల్లి చనిపోతే జరిపే మరణ సమీక్ష ఎవరి మీదా నేరం మోపడానికి కాదు, ఎక్కడ ఆలస్యమైందో తెలుసుకోవడానికి అని మార్గదర్శకాల్లో రాసి ఉంటుంది. నేను కూర్చున్న సమీక్షల్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ "ఈ సబ్‌సెంటర్ ఏఎన్ఎం ఎవరు, నిలబడు" అనే. బండి రావడానికి ఎంతసేపు పట్టింది, మొదటి ఆసుపత్రిలో మత్తు డాక్టర్ ఎందుకు లేరు, అక్కడ్నుంచి ఇంకోచోటికి ఎందుకు పంపారు అన్నవి చివర్లో, భోజనం టైము దగ్గరపడ్డాక వస్తాయి, లేదా రావు. నిలబడ్డ ఆ పిల్ల నేర్చుకునే పాఠం ఏమిటి? కష్టమైన కేసుని ముందే కనిపెట్టి తన పేరు మీద రాసుకోవద్దు, వీలైతే పుట్టింటికెళ్లిపోయిందని రాసేయాలి. "పుట్టింటికి వెళ్లినది" అన్న రిమార్కు మీ రిజిస్టర్లలో ఎంత ఉందో ఒకసారి చూడండి. అందులో కొంత నిజమే, మన ఆచారం కదా. మిగతాది భయం.

పని ఎగ్గొట్టేవాళ్లు లేరా అంటే ఉన్నారు. సబ్‌సెంటర్‌కి తాళం వేసి టౌన్‌లో కాపురం ఉండేవాళ్లూ, పక్కామెతో అటెండెన్స్ మేనేజ్ చేయించుకునేవాళ్లూ, యూనియన్ పేరు చెప్పి సూపర్‌వైజర్‌ని బెదిరించేవాళ్లూ నాకు తెలుసు. మండలంలో ఎవరెవరో మెడికల్ ఆఫీసర్‌కీ తెలుసు, మీకూ తెలుసు. వాళ్ల మీద చర్య తీసుకోవాలంటే ఎమ్మెల్యే ఫోన్ వస్తుంది, కాబట్టి మండలం మొత్తానికి కలిపి ఒక షోకాజ్ ఇచ్చేస్తారు. నిజంగా పనిచేసినామె చేతిలో ఆ కాగితం పెట్టిన రోజున ఆమె మనసులో ఏదో తెగిపోతుంది. దాన్ని మళ్లీ కలపడం నాలాంటి సూపర్‌వైజర్ల వల్ల అయ్యేది కాదు.

ఒకసారి మా పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఒక కుర్ర డాక్టరుగారొచ్చారు. పెద్ద మాటకారి కాదు. ఆశా డే రోజు కుర్చీలు గుండ్రంగా వేయించేవారు, అంతకుముందు మేం బడి పిల్లల్లా వరసల్లో కూర్చునేవాళ్లం. లెక్కలు మొదలెట్టేముందు, పోయిన నెల పెద్దాసుపత్రికి పంపిన ఒక్కో కేసు ఏమైందో తనే ఫోన్ చేసి కనుక్కుని చెప్పేవారు. "నువ్వు పంపిన ఆ కవలల అమ్మాయికి సిజేరియన్ అయింది, ఇద్దరు పిల్లలూ బాగున్నారు. ఇంకో రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదని అక్కడి మేడం అన్నారు" అని అందరి ముందూ చెప్పేవారు. బాగా జరగనివీ చెప్పేవారు, అయితే తిట్టకుండా, "మనం ఎక్కడ పట్టుకుని ఉండాల్సింది?" అని అడిగేవారు. ఆ పీహెచ్‌సీలో అప్పుడు ఎవరి జీతం పెరగలేదు, ఒక్క యాప్ తగ్గలేదు. కానీ ఏడెనిమిది నెలల్లో రిజిస్టర్లలో 150/100 లు కనబడడం మొదలైంది. హైరిస్క్ కేసులు ఎందుకు పెరిగాయని పైనుంచి వివరణ అడిగారు లెండి, అది వేరే కథ.

అందుకే అడుగుతున్నాను. పైకి పోయిన సమాచారం కిందికి కూడా రావాలి. ఆశా పంపిన మనిషికి ఆసుపత్రిలో ఏమైందో రెండు లైన్ల మెసేజ్ ఆమె ఫోన్‌కి వచ్చేలా చేయడానికి మీ దగ్గరున్న టెక్నాలజీ సరిపోదా? అర్ధరాత్రి గర్భిణితో వచ్చిన ఆశాని లేబర్ రూమ్ బయట నేల మీద కూర్చోబెట్టకుండా, "నీకిక్కడేం పని" అని గెంటేయకుండా, తలుపున్న ఒక గది, ఒక బాత్రూమ్ ఇప్పించండి. పారితోషికం ఏ తారీకున పడుతుందో ఒక తారీకు చెప్పి దానికి కట్టుబడండి. ఒక పేరు ఒకసారి ఎంటర్ చేస్తే మిగతా యాప్‌లు అక్కడ్నుంచే తీసుకునేలా చేయించండి. తక్కువ హిమోగ్లోబిన్, ఎక్కువ బీపీ కనిపెట్టిన ఏఎన్ఎంని మెచ్చుకోండి, ఒక్కటీ కనిపెట్టని సబ్‌సెంటర్‌ని అప్పుడు ప్రశ్నించండి. సూపర్‌వైజర్లని ఆఫీసులో ఎక్సెల్ షీట్ల ముందు కూర్చోబెట్టడం మానేసి ఫీల్డుకి పంపండి, మేం పనికొచ్చేది అక్కడే.

మీలో ఎవరికైనా నేను చెప్పింది అతిశయోక్తి అనిపిస్తే ఒక బుధవారం పూట ఏదైనా సబ్‌సెంటర్‌కి వెళ్లండి. ముందు చెప్పకండి. ఫొటోలొద్దు, ఫోన్ కార్లోనే వదిలేయండి. ఒక మూల కుర్చీ వేసుకుని టీకాలయ్యేదాకా కూర్చుని, తర్వాత ఆశా వెంట నాలుగిళ్లు తిరిగి రండి. ఒక్కటే మనవి: సార్ వస్తున్నారు, భోజనం ఏర్పాట్లు చూడమని మాత్రం ఎవరిచేతా ఫోన్ చేయించకండి. ఆ ఖర్చు ఎవరు పంచుకుంటారో మీకు తెలియదు, నేను సర్వీసంతా పంచుకున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్